అక్క పొయ్యి, కోడలి మంచినీళ్లు

మా అక్క కోడలు మంచినీళ్లు ఎక్కువ తాగుతుంది. ఎండాకాలమైతే సరే అనుకుందును. శాలువా కప్పుకుంటే గానీ కూర్చోలేని చలిలో కూడా పొద్దస్తమానం వంటింట్లోకి వెళ్లి, కూజాలోంచి గ్లాసులోకి వంపుకుని, రెండు గుక్కలు తాగి, మిగిలింది సింకులో పారబోసి వచ్చే మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకు మరీ వస్తుంది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని మా వాళ్లంతా అంటారు నన్ను. అంటే అననీ. రిటైరయ్యేదాకా బట్టల మిల్లులో గుడ్డను లైటు కింద పరిచి లోపాలు వెతకడమే నా ఉద్యోగం. లోపం లేని గుడ్డంటూ ఉండదు, కంటికి ఇంకా దొరకని లోపం ఉంటుందంతే. మనుషులూ అంతే.

మా ఇంట్లో నీటి గొట్టాలు మార్చడానికి గోడలన్నీ తవ్వి పోశారు. ఆ దుమ్ము పడలేక పెట్టె సర్దుకుని అక్క దగ్గరికి వచ్చాను. అక్క, కొడుకు, కోడలు, ఇంకా మాటలు రాని మనవరాలు. మూడో అంతస్తులో చిన్న ఇల్లు. వంటిల్లు మరీ చిన్నది, ఇద్దరు నిలబడితే మోచేతులు పలకరించుకుంటాయి. అలాంటి చోటికి పనేమీ లేకుండా అస్తమానం వచ్చి నిలబడే కోడలిని ఏమనుకోవాలి?

అక్క బతుకంతా పొయ్యి ముందే గడిచింది. బావ చిన్న వయసులోనే పోతే, చంకలో పిల్లాడితో ఫ్యాక్టరీ క్యాంటీన్లో కూరగాయలు తరిగే పనికి చేరింది. తరగడం నుంచి వండడానికి, వండడం నుంచి వంటశాల మొత్తానికి పెద్దదిక్కుగా ఎదిగింది. అంతా ముక్కు పుణ్యమే. వెనక వరండాలో బియ్యం ఏరుతూ కూర్చుని, ‘ఆ చివరి గుండిగ అడుగంటుతోంది, మంట తగ్గించండి’ అని కేకేసేది. నూనె డబ్బాలు తెచ్చే వ్యాపారి మూత తీసి, పరీక్ష రాసిన పిల్లాడిలా అక్క మొహంలోకి చూస్తూ నిలబడేవాడట. అక్క ముక్కు ముడుచుకుందంటే ఆ డబ్బా వెనక్కి వెళ్లాల్సిందే. బావ ఉన్న రోజుల్లో కూడా, ఆయన వీధి చివర దొంగచాటుగా సిగరెట్టు కాల్చి, నోట్లో లవంగం పడేసుకుని వచ్చినా గుమ్మంలోనే దొరికిపోయేవాడు. ‘లవంగం ఎందుకు నమిలారు?’ అని అడిగేది, సిగరెట్టు ఊసే ఎత్తకుండా.

కొడుకు చదువుకున్నాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు. అక్క క్యాంటీన్ మానేసి వాడి దగ్గరికి వచ్చేసింది. వస్తూనే ఒక్క మాట చెప్పిందట: ‘ఇంట్లో ఏ మూల పడుకోమన్నా పడుకుంటాను గానీ, పొయ్యి మాత్రం నాది.’ ఇప్పుడు ఆ పొయ్యి దగ్గరి చోటుకే ఎసరు పెడుతున్నారు. నేను వెళ్లిన రోజే, పెట్టె విప్పకముందే, అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి గొంతు తగ్గించింది.

“వాడు వంటమనిషిని పెడతానంటున్నాడే. ‘అమ్మా, నువ్వింక రెస్టు తీసుకో’ అంటున్నాడు. రెస్టంటే ఏంటి? ఆ బాల్కనీలో కుర్చీ వేసుకుని వచ్చేపోయే బళ్లు చూస్తూ కూర్చోడమా? పొయ్యి దగ్గర్నుంచి లేపేస్తే నేనేమైపోవాలి?”

“వాడికి ఎవరు నూరిపోస్తున్నారు?” అన్నాను.

“ఎవరూ నూరిపొయ్యట్లేదులే,” అంది అక్క, తలుపు వైపు చూస్తూ.

సరిగ్గా అప్పుడే కోడలు లోపలికి వచ్చింది. “మంచినీళ్ల కోసం చిన్నత్తయ్యా,” అంది, నేను అడక్కుండానే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. ఆ క్షణం నుంచి కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నాను.

మొదట నా కంట్లో పడింది పొయ్యి. పొయ్యిని తుడవని ఇల్లాలు ఉండదు, నిజమే. పాలు పొంగినప్పుడు తుడుస్తాం, వంట అయ్యాక తుడుస్తాం. అక్క అలా కాదు. వెలిగించి ఆర్పిన ప్రతిసారీ గుడ్డ పట్టుకుంటుంది. సాయంత్రమైతే పెద్ద కార్యక్రమమే. ముందు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేస్తుంది. పొయ్యి చల్లారిందని చేత్తో తాకి చూసుకుని, గిన్నెలు పెట్టే స్టాండ్లు ఎత్తి, బర్నర్ల మీది ఇత్తడి మూతలు తీసి, ముందే కాచిపెట్టుకున్న సబ్బునీళ్లలో నానేస్తుంది. అవి నానేలోగా పొయ్యి అంచుల్లో అట్టకట్టిన మరకలను పాత టూత్‌బ్రష్‌తో గీకుతుంది. నాబ్‌ల చుట్టూ గుడ్డ చుట్టి అటూ ఇటూ తిప్పి తుడుస్తుంది. ఆ తరువాత మూతలు బయటికి తీసి, ఒక్కొక్క చిల్లులో సూది దూర్చి, పిండేసిన నిమ్మచెక్కతో రుద్ది, కడిగి, పొడిగుడ్డ మీద బోర్లిస్తుంది. తడి ఆరకుండా ఎక్కిస్తే మంట నీలంగా కాకుండా ఎర్రగా ఎగురుతుందట. ఇంతవరకూ నేను కూడా ఒప్పుకుంటాను.

ఒప్పుకోలేనిది ఆ తరువాతిది. అన్నీ ఎక్కించి, రెగ్యులేటర్ తెరిచి, నేలమీద గొంతుక్కూర్చుని, సిలిండర్ నుంచి వచ్చే రబ్బరు గొట్టం అతుకుల దగ్గర సబ్బు నురగ పూస్తుంది. గ్యాస్ కారుతుంటే అక్కడ బుడగ లేస్తుంది కదా, అది చూడ్డానికి. కొత్త సిలిండర్ పెట్టినప్పుడు ఎవరైనా చూస్తారు. రోజూ, అదీ పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి చూసేవాళ్లను నేనైతే ఎరగను.

“ఆ గొట్టానికి పొద్దున్నే తలంటు పోశావుగా, మళ్లీనా?” అన్నాను.

“జాగ్రత్త మంచిదేగా,” అంది అక్క. నా వైపు చూడలేదు.

నా లెక్క నాకు తేలిపోయింది. కోడలు వంక పెడుతోంది. ‘మీకు శుభ్రం లేదు, మీకు చేతకాదు’ అని ఏదో ఒకటి గుచ్చుతోంది. ఏ మరక దొరికినా అది చూపించి మొగుడి చేత వంటమనిషిని పెట్టిస్తుంది. అందుకే మా అక్క, ఒకప్పుడు ఫ్యాక్టరీ అంతటికీ వండిపెట్టిన మనిషి, పట్టుమని రెండు బర్నర్ల పొయ్యి ముందు కొత్తగా పనిలో చేరిన పిల్లలా వణుకుతోంది. వణుకుతోందనడానికి కూరలే సాక్ష్యం. ఒకరోజు ఉప్పు ఎక్కువ, ఒకరోజు అసలు లేదు. అక్క చేతి వంటలో ఇలాంటిది నా జన్మలో చూడలేదు.

ఇక కోడలి మంచినీళ్ల వ్యవహారం. నేను తలుపు పక్కన నిలబడి గమనించాను. వస్తుంది, నీళ్లు వంచుకుంటుంది, గ్లాసు పెదాల దాకా తీసుకెళ్లి ఆగుతుంది. తల కొంచెం ఎత్తి ముక్కు ఎగబీలుస్తుంది, అక్కడేదో కంపు కొడుతున్నట్టు. పొయ్యి వైపు ఒక చూపు చూసి వెళ్లిపోతుంది. వెళ్తూ వెళ్తూ కిటికీ తెరుస్తుంది. గాలికి మంట రెపరెపలాడుతోందని అక్క మూస్తుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ తెరుస్తుంది. ఇద్దరూ నోరు విప్పరు. మా అక్క వంట వాసన కూడా ఈ మహాతల్లికి పడదన్నమాట అనుకుని పళ్లు నూరుకున్నాను.

ఉండబట్టలేక అక్కనే అడిగేశాను. “నిన్ను కాల్చుకు తింటోందా?”

“ఎవరు? కోడలా? ఊరుకో! దాని నోట్లో నాలుకే లేదు.”

“నాలుక లేనివాళ్లకి కళ్లు ఎక్కువుంటాయే అక్కా.”

“నీకు అందరూ దొంగల్లానే కనిపిస్తారు,” అని గుడ్డ పిండుకుని అటు తిరిగిపోయింది. ఏదో దాస్తోంది. మా అక్క నాకు వీపు చూపించి మాట్లాడిందంటే కడుపులో ఏదో ఉందని అర్థం.

మిల్లులో ఏదైనా గుడ్డ మీద అనుమానం వస్తే పక్కకి తీసి రెండు వైపులా పట్టుకుని సాగదీసేవాళ్లం. లోపం ఎక్కడుంటే అక్కడ పురి విడిపోతుంది. కోడలిని కూడా ఒకసారి సాగదీసి చూద్దామనుకున్నాను. వంటింట్లోకి వెళ్లనివ్వకుండా పట్టి కూర్చోబెడితే ఆమె అసలు రంగు బయటపడుతుంది.

ఆ సాయంత్రం అక్క పొయ్యి కడగడానికి నీళ్లు కాచుకుంటుండగానే నేను నా ఏర్పాట్లు చేసుకున్నాను. కూజా, గ్లాసు తెచ్చి ముందుగదిలో బల్ల మీద పెట్టాను. ఇంక మంచినీళ్ల మిష లేదు. పాప పక్కగదిలో నిద్రపోతోంది. నా పెట్టెలోంచి ఇంకా ఉండ చుట్టని ఊలు దారపు చిలప ఒకటి తీసి, “కాస్త చేతులు పట్టమ్మా, ఉండ చుట్టుకుంటాను,” అని కోడలి రెండు చేతులకూ తొడిగేశాను. సంకెళ్లు వేసినా అంత బాగా కుదరదు. మెల్లగా, చాలా మెల్లగా చుట్టడం మొదలుపెట్టాను.

వంటింట్లోంచి టూత్‌బ్రష్ గీకుతున్న చప్పుడు. కోడలు కుర్చీలో సర్దుకుంది.

“ఒక్క నిమిషం చిన్నత్తయ్యా, వెళ్లొస్తాను.”

“దాహమా? ఇదుగో.” గ్లాసు నేనే పట్టి తాగించాను. గుటకేసింది గానీ కళ్లు వంటింటి వైపే ఉన్నాయి.

“పాప బట్టలు ఆరాయేమో...”

“ఆరలేదు. నేను చూశాను.”

కుళాయి చప్పుడు. ఇత్తడి మూతలు కడుగుతోంది. ఆ తరువాత స్టాండ్లు ఎక్కిస్తున్న టంగుమనే మోత. కోడలి మోకాలు ఆడుతోంది. నాకు లోపల ఎంత సంతోషమో! పురి విడిపోతోంది, ఇంకొంచెం లాగితే చాలు. మిల్లు కబుర్లు ఎత్తుకున్నాను. సూపర్‌వైజర్ నిద్రపోతుంటే అతని చొక్కాకి ‘రెండో రకం’ ముద్ర వేసిన కథ చెప్పాను. అందరూ పగలబడి నవ్వే కథ అది. ఆమె నవ్వలేదు.

వంటింట్లో రెగ్యులేటర్ తెరిచిన టక్కుమనే శబ్దం వినిపించింది. కోడలి మొహం పాలిపోయింది. నేను ఆగకుండా ఇంకో కథ ఎత్తుకుని చివరిదాకా లాగాను. దొంగకు తేలు కుట్టినట్టుందని నేను అనుకుంటూనే ఉన్నాను, ఆమె దిగ్గున లేచింది.

“కూర్చో, ఇంకా సగం ఉంది!” అని ఊలు పట్టుకుని లాగాను. ఆగలేదు. చేతులకు చిలపతోనే పరిగెత్తింది. ఊలు గదంతా సాగింది. ఉండ పట్టుకుని నేను వెనకే పరిగెత్తాను.

“అత్తయ్యా, వెలిగించకండి!”

అప్పటికి నేను గడప దగ్గరికి చేరాను. వాసన మొహాన కొట్టింది. ముక్కు పగిలేంత గ్యాస్. అక్క పొయ్యి ముందే నిలబడి ఉంది, చేతిలో లైటర్. గొట్టం అతుకుల దగ్గర నురగ చెక్కుచెదరకుండా మెరుస్తోంది. కానీ నాబ్‌లు తుడిచేటప్పుడు ఎడమది సగం తిరిగి అలాగే ఉండిపోయింది. రెగ్యులేటర్ తెరవగానే కింద అక్క బుడగల కోసం చూస్తుంటే, పైన బర్నర్‌లోంచి గ్యాస్ వస్తూనే ఉంది. పక్కన సింకులో కుళాయి వదిలేసి ఉంది. ఆ నీళ్ల మోతలో బుస్సుమనే చప్పుడు కూడా వినిపించలేదు.

కోడలు ఊలు చిక్కుకున్న చేతులతోనే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీ బార్లా తెరిచి, అక్క చేతిలోంచి లైటర్ లాక్కుంది. పాపను ఎత్తుకుని అందరం మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాం. సరిగ్గా అప్పుడే అక్క కొడుకు ఆఫీసు నుంచి మెట్లెక్కి వచ్చాడు. మా మొహాలు, భార్య చేతులకున్న ఊలు చూసి, “ఏమైంది?” అన్నాడు.

నేనే ముందు అందుకున్నాను. “మీ ఆవిణ్ణి అడుగు. ముందుగదిలో నా ఎదురుగా కూర్చుంది. అక్కడికి వాసనే రాలేదు. నాకు రానిది ఆమెకెలా వచ్చింది? గ్యాస్ వదిలేసి ఉందని తెలియకపోతే అలా పరిగెత్తి సరాసరి సిలిండర్ దగ్గరికెలా వెళ్లింది? తెలిసిందంటే నాబ్ తిప్పిందెవరు? తప్పు మీ అమ్మ మీదకి తోసి, పొయ్యి దగ్గర్నుంచి లేపేద్దామని కాదూ?”

వాడు భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. కాసేపు చేతికున్న చిక్కు విప్పుకుంటున్నట్టు నటించింది.

“నేనేనండి,” అంది. “మధ్యాహ్నం పాపకి పాలు కాచి, నాబ్ సరిగ్గా తిప్పలేదు. ఇప్పుడు గుర్తొచ్చి పరిగెత్తాను.”

చూశారా, నేననలేదూ? గెలిచాననుకున్నాను. అయినా ఎక్కడో ఒక పోగు తప్పింది. నాబ్ మధ్యాహ్నం నుంచి తెరిచి ఉంటే అక్క పొయ్యి తుడవడానికి నీళ్లెలా కాచుకుంది? నేను నోరు తెరిచేలోగా వాడు అరవడం మొదలుపెట్టాడు. “పసిపిల్ల ఉన్న ఇల్లు! బుద్ధుందా నీకు? ఏమైనా అయ్యుంటే?”

“అది కాదురా,” అంది అక్క. చాలా చిన్న గొంతు. “నేను. నాబ్ తిప్పింది నేను. గ్యాస్ ముందే నిలబడి కూడా తెలుసుకోలేకపోయింది నేను. నాకు వాసన రాదు.”

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అసలే కాలేదు. అక్కకి వాసన రాకపోవడమేంటి?

“పాప పుట్టక ముందు పెద్ద జ్వరం వచ్చిందే, దాంతో పోయింది. వస్తుందిలే, వస్తుందిలే అని చూశాను. రాలేదు. కూర మాడినా తెలీదు, పాలు విరిగినా తెలీదు, నాలుకకి రుచి కూడా సరిగ్గా తెలీదు. చెప్తే పొయ్యి దగ్గరికి రానివ్వరని చెప్పలేదు. అందుకే గొట్టం అస్తమానం చూసుకుంటున్నాను. ఇంత చూసుకున్నా ఇలా అయింది.” కోడలి వైపు తిరిగింది. “నువ్వెందుకే మీద వేసుకున్నావు? నీకు తెలుసా?”

కోడలు తలూపింది. “తెలుసు అత్తయ్యా. పాప పాడుచేసుకున్న బట్టతోనే మీరు ఒళ్లో పెట్టుకుని ఎంతసేపో ఆడించారు. నేను గుమ్మంలోకి రాగానే ముక్కు మూసుకున్నాను, మీరు మాత్రం ముద్దులు పెడుతున్నారు. అప్పుడే అర్థమైంది. మీరు చెప్పట్లేదంటే చెప్పడం ఇష్టం లేదనుకున్నాను. అందుకే వచ్చి వాసన చూసి పోతుంటాను. ఈయన వంటమనిషి అన్నప్పుడల్లా వద్దంటూనే ఉన్నాను. ఇవాళ పొయ్యి తుడిచాక వెళ్లి చూడ్డం కుదర్లేదు.”

ఎందుకు కుదరలేదో ఆమె చెప్పలేదు. నా చేతిలో ఊలు ఉండ ఉంది. దాన్ని కొంగు కింద దాచుకున్నాను. నాకు సిగ్గేసింది. నాకు సిగ్గేయడం చాలా అరుదు, అందుకే చెబుతున్నాను.

అక్క కొడుకు మెట్ల మీద కూలబడ్డాడు. “ఇంక చాలమ్మా. రేపటి నుంచి పొయ్యి ముట్టుకోకు.”

బాల్కనీ కుర్చీలో కూర్చున్న మనిషి మొహం అక్కకి ఇప్పుడే వచ్చేసింది.

“ఎందుకు ముట్టుకోకూడదు?” అంది కోడలు. నోట్లో నాలుక లేదన్న పిల్ల. “ఇన్నాళ్లూ చెప్పకుండా చూశాను, ఇప్పుడు చెప్పి చూస్తాను. అత్తయ్య వండేటప్పుడు పక్కనే ఉంటాను. గ్యాస్ కారితే మోగే యంత్రాలున్నాయట, రేపు వచ్చేటప్పుడు ఒకటి తీసుకురండి. అది మోగకముందే నేను అరుస్తాను.”

“నీకు ఉద్యోగం వెతుక్కోవాలని లేదూ? అప్పుడెవరు చూస్తారు?” అన్నాడు వాడు.

“అప్పుడు చూద్దాం. వంట ఇద్దరం ఇంట్లో ఉన్నప్పుడే. అంతేగా అత్తయ్యా?”

“అంతే,” అంది అక్క వెంటనే, మాట మారిపోతుందేమోనన్న భయంతో.

ఇంట్లో గాలి తేటపడ్డాక, కోడలు గడపలోంచి మొదలుపెట్టి గదిగదికీ వెళ్లి, బాహాటంగా ముక్కు ఎగబీల్చి చూసి, ‘పోయింది’ అంది. అప్పుడు లోపలికి వెళ్లాం. ఆ పూట వంట ఆలస్యమైంది. వాళ్లిద్దరూ మోచేతులు తగిలించుకుంటూ వండారు. ‘ఇప్పుడెలా ఉంది?’ అని అక్క, ‘ఇంకొంచెం వేగాలి’ అని కోడలు. ఉప్పు సరిపోయింది. పాపను నాకప్పగించారు, నేను మళ్లీ ఎవరినీ కట్టేయకుండా కాబోలు.

తిన్నాక అక్క పొయ్యి తుడిచి, నాబ్‌లు మూసి ఉన్నాయో లేదో కోడలి చేత చూపించుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. నా ఒళ్లో పాప సగం నిద్రలో ఉంది. అక్క దాని జుట్టు నిమిరి, తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఒకటడుగుతాను, నవ్వకు. దీని తల ఎలా ఉంటుందే?”

“ఎలా ఉండడమేంటి?”

“వాసన. జ్వరం వచ్చాక కదా ఇది పుట్టింది. నాకు తెలీదు. ఒక్కసారైనా తెలీదు.”

పాప తల మీదకి వంగి వాసన చూశాను. వెచ్చగా ఉంది, బాగుంది. బాగుందంటే ఏమిటి? పాల వాసనా, సబ్బు వాసనా, నిద్ర వాసనా? నూనె డబ్బా మూత తీస్తే అందులో ఎన్నాళ్ల నూనె కలిపారో చెప్పిన మనిషికి, ‘బాగుంది’ అని ఎలా చెప్పను? మళ్లీ వంగి చూశాను. ఇంకో మాట దొరకలేదు.

“అచ్చం నీ కొడుకు చిన్నప్పటి వాసనే,” అన్నాను.

“నిజంగానా?”

“నిజంగానే.”

“వాడి తల వాసన నీకింకా గుర్తుందా?”

“గుర్తుంది,” అన్నాను. గుర్తు లేదు. వాణ్ణి పసివాడిగా ఎత్తుకుని తిరిగింది అక్కే గానీ నేను కాదు.

అక్క నా మొహంలోకి అనుమానంగా, చాలాసేపు చూసింది. తరువాత పాపను తన ఒళ్లోకి తీసుకుని, దాని తల మీద ముక్కు ఆనించి, కళ్లు మూసుకుంది.